పాత కారులో హీటర్ చల్లబడితే ఏం చేయించాలి: కూలెంటా, థర్మోస్టాటా, ఫ్లషా, హీటర్ కోరా?

"హీటర్ కోర్ పోయింది, డాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి, 1,150 డాలర్లు అవుతుంది." మిషిగన్‌లో నా రెండో చలికాలం మొదలవుతుండగా ఒక షాపువాడు చెప్పిన మాట ఇది. షాపు పేరెందుకులెండి. కారు కొన్నదే 3,200కి, పద్నాలుగేళ్ల సెడాన్, లక్షా అరవై వేల మైళ్లు తిరిగింది. వాడు బానెట్ ఎత్తింది లేదు, గొట్టం ముట్టుకుంది లేదు, డ్రైవర్ సీట్లో రెండు నిమిషాలు కూర్చుని లేచి లెక్క చెప్పేశాడు. చివరికి నాకు అయిన ఖర్చు 70 డాలర్ల లోపు, ఒక శనివారం, ఒక జత సాక్స్.

అందరికీ అంతే అవుతుందని కాదు. మా రూమ్మేట్ కారుకి నిజంగానే కోర్ పోయింది, వాడి కథ కిందికి వస్తే ఉంది. నేను చెప్పేదల్లా ఒక్కటే: ఇంజన్ నుంచి క్యాబిన్‌లోకి వెళ్లే ఆ రెండు గొట్టాలూ చేత్తో ముట్టుకుని చూడందే పైసా ఖర్చు పెట్టకండి. ఏ రిపేరు ఎంచుకోవాలో సగం అక్కడే తేలిపోతుంది.

మనలో చాలామంది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు నేర్చుకున్నవాళ్లం, ఆ నాబ్‌ని నీలం వైపు తప్ప ఎరుపు వైపు తిప్పిన పాపాన పోలేదు. అందుకని ముందు అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. కారు హీటర్‌కి వేరే పొయ్యి ఏమీ లేదు. ఇంజన్ వేడిని మోసుకుపోయే కూలెంట్‌లో కొంత భాగం డాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది, దాని పేరే హీటర్ కోర్. బ్లోయర్ ఫ్యాన్ దాని మీదుగా గాలి తోస్తుంది, ఆ గాలే మనకి వెచ్చగా తగులుతుంది. ఎంత గాలి కోర్ మీదుగా పోవాలో, ఎంత పక్కనుంచి పోవాలో లోపల ఒక చిన్న తలుపు నిర్ణయిస్తుంది, దాన్ని బ్లెండ్ డోర్ అంటారు. గొడవ ఎక్కడైనా రావచ్చు: కూలెంట్ తక్కువై, కూలెంట్ వేడెక్కక, కోర్‌లో దారి మూసుకుపోయి, తలుపు ఇరుక్కుపోయి, లేదా గాలే సరిగా రాక.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

ధర ఒక్కటే చూసి నిర్ణయించే పని కాదు ఇది. నేను అడిగే ప్రశ్నలు ఇవీ.

ఈ కారుతో ఇంకెన్ని చలికాలాలు గడపాలి? మే నెలలో ఎంఎస్ అయిపోయి టెక్సస్ వెళ్లిపోయేవాడి లెక్క వేరు, ఇల్లు కొనుక్కుని నోవైలోనో ట్రాయ్‌లోనో స్థిరపడ్డవాళ్ల లెక్క వేరు.

కారులో ఎవరెవరు కూర్చుంటారు? ఒక్కడివే అయితే జాకెట్, గ్లవ్స్‌తో నెట్టుకురావచ్చు. వెనక కార్ సీట్లో ఏడాదిన్నర పిల్ల ఉంటే కుదరదు, పిల్లలకి లావు జాకెట్ వేసి కార్ సీట్ బెల్టు పెట్టకూడదని ఇక్కడ డాక్టర్లే చెప్తారు. బెల్టు వదులైపోతుంది.

కారు లేకుండా ఎన్ని రోజులు ఉండగలరు? ఇది చాలామంది మర్చిపోతారు. డాష్‌బోర్డ్ ఊడదీసే పని అంటే కారు రెండు మూడు రోజులు షాపులో పడి ఉంటుంది, ఈలోపు ఊబర్ ఖర్చు కూడా ఆ రిపేరు బిల్లులో భాగమే.

పని చేసుకునే చోటు ఉందా? అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, చేతులు కొంకర్లు పోయే చలిలో, క్లాంప్ స్క్రూ తిప్పడం అంటే వీడియోలో చూసినంత సులువు కాదు. చాలా అపార్ట్‌మెంట్లవాళ్లు పార్కింగ్‌లో రిపేర్లు చేయనివ్వరు కూడా, లీజు చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు అద్దం. హీటర్ అంటే ఒంటికి వెచ్చదనం ఒక్కటే అనుకుంటాం కానీ డీఫ్రాస్ట్ పనిచేసేదీ అదే వేడితో. అద్దం మంచు కరగక, లోపల ఆవిరి పట్టి, ఐ-696 హైవే మీద అరచేత్తో తుడుచుకుంటూ నడిపినవాడిగా చెప్తున్నా, దీన్ని సుఖం లెక్కలో వేయొద్దు.

పది నిమిషాల పరీక్ష

మొదట తేల్చాల్సింది: గాలి తక్కువ వస్తోందా, లేక గాలి బాగానే వస్తోంది కానీ చల్లగా ఉందా? రెండూ వేర్వేరు జబ్బులు. ఫ్యాన్ నాలుగులో పెట్టినా ఊదినట్టే ఉంటే అది గాలి సమస్య, కూలెంట్ జోలికి పోనక్కర్లేదు.

గాలి బాగా వచ్చి చల్లగా ఉంటే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, కూలెంట్ లెవెల్ చూడండి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయకండి, లోపల ఒత్తిడితో ఉన్న మరుగు నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఇది సరదాకి చెప్తున్న జాగ్రత్త కాదు.

తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు నడపండి, టెంపరేచర్ ముల్లు చూడండి. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటికీ కారు కంప్యూటర్ చెప్పేది చదవడానికి ఓబీడీ అనే ప్లగ్ ఉంటుంది, 20 డాలర్ల స్కానర్ కొని ఫోన్‌కి కలిపితే కూలెంట్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. ముల్లు కన్నా అది నయం, చాలా కార్లలో ముల్లు మధ్యకొచ్చి అక్కడే కూర్చుంటుంది, అసలు విషయం చెప్పదు. ఇంజన్ బాగుంటే 180 నుంచి 220 ఫారెన్‌హీట్ మధ్య నిలబడాలి. హైవే ఎక్కగానే 150కో 140కో పడిపోతుంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వ్, తెరుచుకుని ఉండిపోయినట్టే. స్కానర్‌లో పి0128 అనే లోపం కోడ్ వచ్చి ఉంటే దాదాపు ఖాయం, కానీ కూలెంట్ తక్కువగా ఉన్నా అదే కోడ్ రావచ్చు, కాబట్టి లెవెల్ చూడడం మానకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ వేడి మీద, నాబ్ పూర్తిగా ఎరుపులో, ఫ్యాన్ మధ్యస్థంగా పెట్టి బానెట్ ఎత్తండి. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో రెండు నల్లటి రబ్బరు గొట్టాలు పక్కపక్కనే దూరుతుంటాయి, మూడు వేళ్లంత లావు కూడా ఉండవు. తిరిగే బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా చెయ్యి పోనిచ్చి ఒక్కొక్కటి తాకండి, కాలుతుందనిపిస్తే గ్లవ్ వేసుకోండి.

రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వేడి కోర్ దాకా వస్తోంది, పోతోంది. తప్పు తలుపుది. ఒకటి కాలిపోతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్‌లో దారి మూసుకుపోయింది, లోపలికెళ్లిన వేడి నీళ్లు నత్తనడక నడుస్తూ అక్కడే చల్లారిపోతున్నాయి. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ అసలు రావట్లేదు: తక్కువైనా ఉండాలి, గాలి బుడగైనా ఇరుక్కోవాలి, కొన్ని కార్లలో ఉండే హీటర్ వాల్వ్ మూసుకుపోయైనా ఉండాలి, లేదా కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు అరిగిపోయి ఉండాలి.

ఇంకో గుర్తు. సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చగాలి వస్తోందా? డాష్‌బోర్డ్ వెనక కుండలో నీళ్లు కుదిపినట్టు గుడగుడ శబ్దం వస్తోందా? కూలెంట్ తక్కువైంది, లోపల గాలి చేరింది. నాకు మొదట వచ్చింది సరిగ్గా ఇదే, నేను మాత్రం ఆ శబ్దాన్ని పెట్రోల్ ట్యాంకుది అనుకుని నెల రోజులు తిరిగాను.

ఒక్కో దారీ, దాని మంచీ చెడూ

*ఫిల్టర్, ఫ్యాన్ రెసిస్టర్.* గాలి తక్కువైతే ముందు గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ చూడండి, 10 నుంచి 25 డాలర్లు, చాలా కార్లలో పనిముట్లు కూడా అక్కర్లేదు. నాది తీస్తే మేపుల్ ఆకులు రెండు గుప్పిళ్లు, ఒక ఎలుక దాచుకున్న గింజలు వచ్చాయి. ఫ్యాన్ చివరి స్పీడులో మాత్రమే తిరిగి ఒకటి, రెండు, మూడులో పనిచేయకపోతే ఫ్యాన్ స్పీడు తగ్గించే బ్లోయర్ రెసిస్టర్ పోయింది, అది కూడా చవకే. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు, చేసేయండి.

*కూలెంట్ నింపి గాలి తీయడం.* 20 డాలర్ల లోపు గాలన్ దొరుకుతుంది. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే కొనండి, రంగు చూసి కొనొద్దు, రంగులకి కంపెనీల మధ్య ఒప్పందం ఏమీ లేదు. కారు ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు చోట నిలిపి, చల్లని ఇంజన్ మీద మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి స్టార్ట్ చేసి, బుడగలు వస్తూ లెవెల్ దిగుతుంటే పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఒక్కసారిగా లెవెల్ గుటుక్కున దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపాలి. కొన్ని కార్లలో గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది.

దీంతో వచ్చే చిక్కు, ఇది జబ్బుకి మందు కాకపోవచ్చు. కూలెంట్ పెట్రోల్‌లా కాలిపోయే వస్తువు కాదు, తగ్గిందంటే ఎక్కడికో పోయినట్టు. నా కారులో దోషం రేడియేటర్ మూతది, రబ్బరు ఎండిపోయి ఆవిరి వదిలేస్తోంది, 12 డాలర్లతో సరి. కానీ ఎక్కడా చుక్క కారకుండా లెవెల్ తగ్గుతుంటే, పొగ తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంటే, రిజర్వాయర్‌లో ఇంజన్ నడుస్తున్నంతసేపూ బుడగలు లేస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయిందేమో అనుమానించండి. అదే అయితే హీటర్ సంగతి పక్కన పెట్టి, కారు ఉంచుకోవాలా అమ్మాలా అన్న ప్రశ్నకి వెళ్లాలి.

*థర్మోస్టాట్.* వస్తువు 15 నుంచి 50 డాలర్లు, షాపులో వేయిస్తే 150 నుంచి 300. హైవే మీద కూలెంట్ వేడి పడిపోతున్నవాళ్లకి దీన్ని మించిన రిపేరు లేదు, వెచ్చదనంతో పాటు మైలేజీ కూడా కొంత తిరిగొస్తుంది, చల్లటి ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది కాబట్టి. చిక్కేమిటంటే "ఎలాగూ చవకే కదా" అని అందరూ ముందు దీన్నే మారుస్తారు. స్కానర్‌లో వేడి నిక్కచ్చిగా నిలబడే కారుకి థర్మోస్టాట్ మారిస్తే డబ్బులు పోయి చలి మిగులుతుంది. మార్చేటప్పుడు మరీ చవకరకం వద్దు, ఈ వస్తువు పాడైతే మూసుకుపోయి కూడా పాడవ్వచ్చు, అప్పుడు ఇంజన్ కాగిపోతుంది. పాతకాలం వాళ్లు రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టి నడిపేవారు, తాత్కాలికంగా పనిచేస్తుంది కానీ ముల్లు మీద కన్ను వేసి ఉంచాలి.

*హీటర్ కోర్ ఫ్లష్.* నా శనివారం దీనికే పోయింది, కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

కూలెంట్ నింపాక రెండు వారాలు హాయిగా నడిచింది, తర్వాత మళ్లీ చల్లబడింది. ఈసారి గొట్టాలు తాకితే ఒకటి నిప్పు, ఒకటి గోరువెచ్చన. మా వీధిలో ఉండే ఒక గోదావరి జిల్లా అన్న, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయింది, వచ్చి చూసి "నీకు ముందు దీన్ని నడిపినవాడు లీకు ఆపడానికి ఏదో పొడి పోసుంటాడ్రా తమ్ముడూ, ఆ మడ్డంతా వచ్చి ఇక్కడ కూర్చుంది" అన్నాడు. ఆ మాట నిజం, లీకు ఆపే మందులు సన్నటి దారులున్న హీటర్ కోర్‌నే ముందు మూసేస్తాయి. అమ్ముడుపోవడానికి రెండు రోజుల ముందు పోసిన పాత కార్లు బోలెడు.

రెండు గొట్టాలూ కోర్ వైపు నుంచి విప్పి, కూలెంట్ బయటికి పోయే వైపు నుంచి నీళ్లు ఎదురు తోయాలి. తోట పైపు పెట్టుకోవచ్చు, కానీ కుళాయి కొంచెమే తిప్పండి, ఆ కోర్ సన్నటి అల్యూమినియం, ఫుల్ ప్రెషర్ పెడితే చిరుగుతుంది. మొదట ఏమీ రాలేదు. తర్వాత చింతపండు పులుసు రంగులో చిక్కగా, పలుకుల్లాంటి తుప్పు ముక్కలతో వచ్చింది, బకెట్ తప్పించుకుని నా కాళ్ల మీదుగా పోయింది, సాక్స్ కథ అదీ. అటు ఇటు మార్చి మార్చి ఇరవై నిమిషాలు తోస్తే తేటనీళ్లు పడ్డాయి. చికెన్ ఉడికిందో లేదో చూసే సూది థర్మామీటర్ మధ్య వెంట్‌లో గుచ్చి చూశాను, ముందు 84 ఫారెన్‌హీట్ ఉన్నది 131కి వచ్చింది. నా లెక్కలో 120 దాటితే హీటర్ బాగున్నట్టే.

మంచి ఇదైతే చెడు కూడా వినండి. పాత గొట్టం అతుక్కుపోయి ఉంటే మెలిపెట్టి లాగొద్దు, కోర్ పైపు విరిగితే 25 డాలర్ల పని 1,000 డాలర్ల పని అవుతుంది. గొట్టం చివర బ్లేడుతో నిలువుగా కోసి తీసి, కొత్త గొట్టం వేయండి. కొన్ని కార్లలో మధ్యలో ప్లాస్టిక్ జాయింట్లు ఉంటాయి, పదేళ్లు దాటితే అప్పడంలా విరుగుతాయి, ముందే కొత్తవి తెచ్చిపెట్టుకోండి. ఇంకా పెద్ద ప్రమాదం, లోపల మిగిలిపోయే నీళ్లు. ఉత్త నీళ్లు 32 ఫారెన్‌హీట్‌కే గడ్డకడతాయి, గడ్డకట్టి కోర్‌ని పగలగొడతాయి. సగం నీళ్లు సగం కూలెంట్ కలిపితేనే అది దాదాపు మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా ఆగుతుంది. కాబట్టి నీళ్లు ఊది తీసేసి, సరిగా నింపి, 8 డాలర్ల టెస్టర్‌తో పలచబడిందేమో చూసుకునే కారు బయట వదలండి. ఇంకా మంచిది, ఈ పని అక్టోబర్‌లో చేసుకోండి. జనవరిలో బయట కుళాయిలే కట్టేసి ఉంటాయి, ఇక తోట పైపు ఎక్కడిది?

ఫ్లష్ చేసినా ఒక్కో కారు మళ్లీ ఏడాదికి మూసుకుపోతుంది. ఇంట్లో వెనిగర్, బాత్రూమ్ క్లీనర్లు పోసి నానబెట్టమని చెప్పేవాళ్లున్నారు, ముసలి అల్యూమినియం కోర్‌కి నేను ఒప్పుకోను, మడ్డి పట్టుకుని ఉన్నందుకే కారకుండా ఉన్న చిల్లులు బయటపడతాయి.

*బ్లెండ్ డోర్ మోటార్.* రెండు గొట్టాలూ వేడిగా ఉండి లోపల చలి అయితే ఇదే. నాబ్ తిప్పినప్పుడు డాష్‌బోర్డ్‌లో టిక్ టిక్ టిక్ అని గోడగడియారంలా కొట్టుకుంటుంటే చిన్న మోటార్‌లో పళ్లు అరిగాయి. వస్తువు 25 నుంచి 80 డాలర్లు. కష్టమంతా అది ఎక్కడుందనే దాన్ని బట్టి: గ్లవ్ బాక్స్ వెనక ఉంటే అరగంట, మధ్యలో లోపల ఎక్కడో ఉంటే షాపులో 400 దాకా పోవచ్చు. బాగా పాత కార్లలో మోటార్ ఉండదు, తీగ ఉంటుంది, అది జారిపోయి ఉంటే మళ్లీ తగిలిస్తే చాలు, ఖర్చు సున్నా.

*హీటర్ కోర్ మార్చడం, లేదా బైపాస్.* మా రూమ్మేట్ విషయం. అద్దం లోపల జిడ్డు పొర, తుడిస్తే పాముకుంటుంది తప్ప పోదు. కారెక్కితే పాకం కాచినట్టు తియ్యటి వాసన. ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడి. ఈ మూడూ కలిస్తే కోర్ కారుతోంది, ఇక ఫ్లష్ అనే మాటే వద్దు. ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు, అద్దం మీద పొర రాత్రిపూట ఎదురు లైట్లకి కళ్లు కనపడనివ్వదు.

కోర్ ధర 50 నుంచి 200 డాలర్లే. కూలి ఆరు నుంచి పది గంటలు, మా వైపు షాపుల్లో గంటకి 120 నుంచి 180, అందుకే మొత్తం చాలాసార్లు వెయ్యి దాటుతుంది. చాలా కార్లలో ఏసీ గ్యాస్ కూడా తీయాలి, దాన్ని గాల్లోకి వదలడం ఇక్కడ చట్టవిరుద్ధం, ఎయిర్‌బ్యాగులు కదిలించాలి, కాబట్టి ఇంట్లో చేసుకుందాం అనే హుషారు ఇక్కడ తగ్గించుకోండి. కొన్ని మోడళ్లలో మాత్రం కాళ్ల దగ్గర ప్యానెల్ తీస్తే కోర్ పక్కకి జారి వచ్చేస్తుంది, మీ మోడల్‌కి ఎన్ని గంటల కూలి పడుతుందో రెండు షాపుల్లో అడగండి, మూడు గంటలు అంటే మీ అదృష్టం.

బైపాస్ అంటే రెండు గొట్టాలూ కోర్ నుంచి విప్పి ఒకదానికొకటి కలిపేయడం. 10 డాలర్లు. లీకు ఆగుతుంది, ఇంజన్ బాగానే నడుస్తుంది, హీటర్ మాత్రం పూర్తిగా ఉండదు, డీఫ్రాస్ట్ కూడా. రూమ్మేట్ డిసెంబర్‌లో బైపాస్ చేయించి రెండు వారాలు తిరిగాడు. భోగి రోజు పొద్దున మైనస్ పది ఫారెన్‌హీట్, మేం ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి అదే భోగిమంట అనుకుంటుంటే వాడు బయట అద్దం లోపలి మంచు ఐడీ కార్డుతో గీకుతున్నాడు. మర్నాడే షాపుకి తీసుకెళ్లాడు. బైపాస్ ఏప్రిల్‌లో ఓకే, ఫ్లోరిడాలో ఓకే, మిషిగన్ జనవరిలో కాదు.

*సిగరెట్ సాకెట్‌కి పెట్టే చిన్న హీటర్లు.* కొనకండి. ఆ సాకెట్ ఫ్యూజు 15 ఆంప్స్ అనుకుంటే 12 వోల్టులకి 180 వాట్లు. ఇంట్లో వాడే చిన్న స్పేస్ హీటరే 1,500 వాట్లు, కారు హీటర్ అంతకు మించి కొన్ని రెట్లు ఇస్తుంది. 180 వాట్లతో అరచేయి వెచ్చబడుతుంది, అద్దం కాదు. అదే సాకెట్‌కి వేడి సీట్ కవర్ పెట్టుకుంటే 50 వాట్లకే నడుము వెచ్చగా ఉంటుంది, 40 డాలర్ల లోపు, నాకు నచ్చింది. కాకపోతే అది హీటర్‌కి తోడు మాత్రమే.

ఒక్క చూపులో

ధరలు నేను చూసినవి, మీ ఊరినీ కారునీ బట్టి మారతాయి.

| కనిపించే గుర్తు | చేయాల్సింది | సొంతంగా | షాపులో | కారు ఆగేది |
|---|---|---|---|---|
| గాలే తక్కువ | ఫిల్టర్, రెసిస్టర్ | 10–50 డాలర్లు | 60–200 | గంట |
| ఆగితే చల్లన, తొక్కితే వెచ్చన, గుడగుడ | కూలెంట్, గాలి తీయడం, మూత | 20–35 | 80–150 | గంట, రెండు |
| హైవే మీద ముల్లు పడిపోవడం | థర్మోస్టాట్ | 15–50 | 150–300 | సగం రోజు |
| ఒక గొట్టం వేడి, ఒకటి గోరువెచ్చన | ఫ్లష్ | 25–50 | 100–200 | సగం రోజు |
| రెండు గొట్టాలూ వేడి, గాలి చల్లన | బ్లెండ్ డోర్ | 0–80 | 150–400 | మోడల్‌ని బట్టి |
| తియ్యటి వాసన, జిడ్డు పొర, తడి కార్పెట్ | కోర్ మార్పు | వద్దు | 770–2,000 | 2–3 రోజులు |

మీరు ఎవరైతే ఏది

*ఎంఎస్ స్టూడెంట్, కారు విలువ 3,000, మేలో వెళ్లిపోతారు.* కూలెంట్, మూత, ఫ్లష్ వరకు చేయండి, సీట్ కవర్ కొనండి, అక్కడ ఆగండి. కోర్ కారుతుంటే మాత్రం లెక్క మారుతుంది: 1,000 పెట్టి బాగుచేసిన కారు 1,000 ఎక్కువకి అమ్ముడుపోదు. చలికాలం మొదట్లోనే తెలిస్తే అమ్మేసి ఇంకోటి చూసుకోవడం మేలు, దాపరికం లేకుండా చెప్పి అమ్మండి, కొనేవాడు కూడా మనలాంటి కొత్త స్టూడెంటే అయ్యుంటాడు. ఫిబ్రవరిలో తెలిస్తే, రూమ్మేట్స్ కారుతో సర్దుకోగలిగితే, బైపాస్ చేసి నెట్టుకురండి. టెక్సస్‌లో హీటర్‌తో పనేంటి అనుకోకండి, 2021 ఫిబ్రవరి మంచు తుపానులో డాలస్‌లో ఉన్నవాళ్లని అడగండి.

*పిల్లలున్నవాళ్లు, లేదా చలికాలంలో అమ్మానాన్నలు వస్తున్నవాళ్లు.* అడ్డదారులొద్దు. ఫ్లష్ ఒకసారి ప్రయత్నించండి, పదిహేను రోజుల్లో మళ్లీ చల్లబడితే కోర్ మార్పించేయండి. ఇంజన్, గేర్‌బాక్స్ బాగున్న కారుకి వెయ్యి డాలర్లు ఒకటి రెండు నెలల కొత్త కారు వాయిదాలతో సమానం, అలా చూస్తే అంత బాధ ఉండదు.

*రోజూ నలభై మైళ్లు హైవే మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లు.* మీకు థర్మోస్టాట్ విషయంలో ఉపేక్ష వద్దు, చల్లటి ఇంజన్ రోజూ అంత దూరం నడిస్తే పెట్రోల్‌తో పాటు ఇంజన్ ఆయిల్ కూడా పాడవుతుంది. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాల్ని లయ తప్పకుండా తిప్పే బెల్టు) మార్చే సమయం దగ్గరపడి ఉంటే, వాటర్ పంపు దాంతోనే తిరిగే కారు అయితే, రెండూ ఒకేసారి చేయించండి, కూలి ఒక్కసారే పడుతుంది.

*రోజుకి మూడు మైళ్లు, గ్రోసరీకి, గుడికి తిరిగేవాళ్లు.* మీ హీటర్‌కి అసలు జబ్బే లేకపోవచ్చు. సున్నా ఫారెన్‌హీట్‌లో ఇంజన్ వేడెక్కడానికే పది నిమిషాలు పడుతుంది, మీరు ఈలోపు దిగిపోతున్నారు. మొదటి ఐదు నిమిషాలు ఫ్యాన్ తక్కువలో పెట్టండి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) కాసేపు వేసి అద్దం మసకబారగానే తీసేయండి, డీఫ్రాస్ట్‌తో పాటు ఏసీ బటన్ కూడా నొక్కండి, అది గాలిలో తేమ లాగేస్తుంది. కారు గరాజ్‌లో స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. బయట అయితే పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాకే స్టార్ట్ చేయండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

షాపుకి వెళ్లేవాళ్లు "హీటర్ రావట్లేదు, చూడండి" అనకండి. "ఇన్‌లెట్ గొట్టం వేడి, ఔట్‌లెట్ గోరువెచ్చన, కూలెంట్ నిండుగా ఉంది, హైవే మీద 192 చూపిస్తోంది, ముందు ఫ్లష్ చేస్తారా?" అని అడగండి. నా 1,150 డాలర్ల షాపువాడి దగ్గరికి వెళ్లినప్పుడు నాకు ఈ వాక్యం తెలియదు.

ఇక సొంతంగా చేసుకునేవాళ్లు, ఆ పాత కూలెంట్ డ్రైనేజీలో పోయకండి, మూత లేని బకెట్‌లో వదిలేయకండి, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం చాలు ప్రాణం తీయడానికి. ఖాళీ అయిన కొత్త గాలన్ డబ్బాలోనే పోసి, "పాత కూలెంట్" అని రాసి, మీ కౌంటీ హానికర వ్యర్థాలు తీసుకునే రోజు ఇచ్చేయండి. నాది ఇంకా బాల్కనీలో ఉంది, తేదీ వచ్చే శనివారం.